ఎనిమిది జట్లు తిరిగిన రాజే డేవిస్: గొప్ప ఆటగాడా, ఎవరికీ అక్కర్లేని ఆటగాడా?

కొలంబస్_కిషోర్
మొన్న ఆదివారం మా బావగారింట్లో భోజనాల దగ్గర పెద్ద వాదన జరిగింది. మావాడికి 12 ఏళ్లు, బేస్‌బాల్ అంటే ప్రాణం. రెండేళ్లలో మూడో ట్రావెల్ టీమ్ (వేరే ఊళ్లకి వెళ్లి ఆడే పిల్లల జట్టు) కూడా వాణ్ణి పక్కన పెట్టేసింది. లిస్టులో పేరు లేదని తెలిసినప్పటి నుంచి వాడు సరిగ్గా అన్నం తినట్లేదు. ధైర్యం చెబుదామని అమెరికా బేస్‌బాల్ ఆటగాడు రాజే డేవిస్ కథ ఎత్తుకున్నాను. బావగారు మధ్యలోనే అందుకుని, "ఎనిమిది జట్లు తిరిగాడంటే సరుకు లేదనేగా? పిల్లాడికి చెప్పాల్సింది ఇలాంటివాళ్ల గురించా?" అన్నారు. పిల్లాడు తల దించుకుని లేచి వెళ్లిపోయాడు.

నాకు 2016 నుంచి డేవిస్ అంటే చాలా అభిమానం. అయినా ఆ క్షణంలో సరైన జవాబు తట్టలేదు. ఇక్కడ ఆట తెలిసినవాళ్లున్నారు. మీరేమంటారు?

స్టాట్స్_శర్మ
సరుకు లేదన్న మాటకి జవాబు లెక్కల్లోనే ఉంది.

జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2001లో, 38వ రౌండ్‌లో డేవిస్‌ని పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. 38వ రౌండ్ అంటే తనకంటే ముందు వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఎంచుకున్నారన్నమాట. చదివింది కనెక్టికట్ యూనివర్సిటీ వాళ్ల ఏవరీ పాయింట్ క్యాంపస్‌లో, పేరుమోసిన కాలేజీ జట్టు కాదు. అయిదేళ్లు కింది స్థాయి మైనర్ లీగుల్లో బస్సుల్లో తిరిగి, 2006 ఆగస్టులో పై స్థాయి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అక్కణ్ణుంచి 2019 దాకా 14 సీజన్లలో 415 స్టోలెన్ బేసులు. ఓక్లాండ్‌లో 2009లో 41, 2010లో 50. 2016లో క్లీవ్‌ల్యాండ్ తరఫున 43 స్టీల్స్‌తో అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఒక సగం) మొత్తానికి మొదటివాడు. అప్పటికి అతనికి 35 ఏళ్లు. ఔట్‌ఫీల్డర్లకి కాళ్లు నెమ్మదించే వయసు అది.

జట్లు వరుసగా: పిట్స్‌బర్గ్, శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్, టొరాంటో, డెట్రాయిట్, క్లీవ్‌ల్యాండ్, మళ్లీ ఓక్లాండ్, బోస్టన్, మళ్లీ క్లీవ్‌ల్యాండ్, చివరికి న్యూయార్క్ మెట్స్. ఈ వరుసలో "మళ్లీ" అన్న మాట రెండుసార్లు వచ్చింది చూడండి. వదిలేసినవాళ్లే మళ్లీ పిలిచారు. బావగారికి ముందు ఆ సంగతి చెప్పండి.

నల్లకుంట_నాని
నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. స్టీల్ అంటే ఏంటి అన్నా? 415 పెద్ద సంఖ్యేనా?

రెండో_బేస్
చాలా పెద్ద సంఖ్య నానీ.

క్రికెట్‌లో బౌలర్ బంతి వదలకముందే నాన్‌స్ట్రైకర్ క్రీజు దాటితే రనౌట్ చేస్తాడు కదా. ఇక్కడ అలా దాటి పరుగెత్తడమే ఒక విద్య. మైదానంలో నాలుగు బేసులుంటాయి, అన్నీ చుట్టొస్తే ఒక పరుగు. మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కి 90 అడుగులు. రన్నర్ మూడు నాలుగు అంగలు ముందుకొచ్చి, మోకాళ్లు వంచి, చేతులు వేలాడేసి పిచ్చర్ (మన బౌలర్‌లాంటివాడు) మడమ వంక చూస్తుంటాడు. మడమ ఒకవైపు కదిలితే బంతి బ్యాటర్ వైపు వెళ్తుంది, ఇంకోవైపు కదిలితే తనవైపే వస్తుంది. తప్పుగా చదివితే అక్కడికక్కడే ఔట్. సరిగ్గా చదివితే పిచ్చర్ కదలిక మొదలైనప్పటి నుంచి క్యాచర్ (మన కీపర్‌లాంటివాడు) విసిరిన బంతి రెండో బేస్‌కి చేరేలోపు మూడున్నర సెకన్లు కూడా ఉండదు. ఆలోపు 80 అడుగులు పరుగెత్తి, మట్టిలో జారి, బేస్‌ని పట్టుకోవాలి.

డేవిస్ ఈ పని 415 సార్లు చేశాడు. కాళ్ల వేగం ఒక్కటే చాలదు, పిచ్చర్ల అలవాట్లన్నీ బట్టీ పట్టి ఉండాలి.

నల్లకుంట_నాని
అర్థమైంది అన్నా. పేరు కూడా భలే ఉంది. "రాజే" అని తల్లిదండ్రులు ముందే తీర్పు ఇచ్చేశారు.

మొహమాటంలేదు
కిషోర్ గారు, నేను మీ బావగారి వైపు. కోప్పడకండి.

415 స్టీల్స్ నిజమే. కానీ కెరీర్ బ్యాటింగ్ సగటు .262, అంటే దాదాపు నాలుగింట ఒకసారే హిట్. వాక్‌లు (నాలుగు తప్పు బంతులు పడితే ఊరికే దొరికే మొదటి బేస్) తక్కువ తీసుకునేవాడు, అంటే బేస్ మీదికి చేరడమే తక్కువ. ఎడమచేతి పిచ్చర్ల మీద బాగా ఆడేవాడు, కుడిచేతివాళ్ల మీద అంతంతమాత్రం. అందుకే చాలా ఏళ్లు నాలుగో ఔట్‌ఫీల్డర్‌గానే, అంటే అసలు ముగ్గురి వెనక రిజర్వ్‌గానే ఉన్నాడు. 2008 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో జయింట్స్ అతన్ని వేవర్స్ మీద పెడితే, అంటే కావాల్సిన జట్టు తీసుకోవచ్చని వదిలేస్తే, ఓక్లాండ్ పట్టుకుపోయింది. బదులుగా జయింట్స్‌కి ఒక ఆటగాడు కూడా రాలేదు. ఏ జట్టూ అతను లేకపోతే మునిగిపోతామని అనుకోలేదు, అదీ నిజమే. పిల్లాడికి ధైర్యం చెప్పండి, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

స్టాట్స్_శర్మ
@మొహమాటంలేదు, వేవర్స్ మాట ఎత్తారు కాబట్టి దాని ముందు సంగతి కూడా చెప్పాలి. 2007 జులైలో పైరేట్స్ డేవిస్‌ని జయింట్స్‌కి ఇచ్చి మాట్ మోరిస్ అనే పెద్ద జీతం పిచ్చర్‌ని తెచ్చుకుంది. 2008 ఏప్రిల్‌లో ఆ మోరిస్‌ని పైరేట్స్ ఇంటికి పంపేసింది. అదే నెలలో డేవిస్‌ని జయింట్స్ వదిలేసింది. అంటే ఆ ట్రేడ్‌లోని ఇద్దరు ప్రధాన ఆటగాళ్లనీ ఒకే నెలలో రెండు జట్లూ వద్దనుకున్నాయి. మోరిస్ మళ్లీ మేజర్ లీగ్‌లో ఆడలేదు. డేవిస్ ఆ తర్వాత పదకొండేళ్లు ఆడాడు. వద్దనుకున్నప్పుడు ఇద్దరి విలువా ఒకటే అనిపించింది. కాదని తర్వాత తేలింది.

గోదారిగట్టు
కూరలో కరివేపాకులా తీసి పారేస్తే గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చాడు. ఒకే మనిషికి రెండు సామెతలు సరిపోయాయి.

క్లీవ్‌ల్యాండ్_కిరణ్
బావగారికి 2016 నవంబర్ 2 రాత్రి గురించి ఎవరూ చెప్పలేదా? నేను చెబుతాను. ఆ రాత్రి నేను క్లీవ్‌ల్యాండ్ జట్టు మైదానం ప్రోగ్రెసివ్ ఫీల్డ్‌కి ఇరవై నిమిషాల దూరంలో మా ఇంట్లో, ఒళ్లో నాలుగు నెలల పాపతో ఉన్నాను.

ఛాంపియన్ ఎవరో తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట, అదే ఆఖరిది. మాకు, అంటే క్లీవ్‌ల్యాండ్‌కి, 1948 తర్వాత టైటిల్ లేదు, ఎదురు జట్టు చికాగో కబ్స్‌కి 1908 తర్వాత లేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మేం 6-3 వెనక ఉన్నాం, ఇద్దరు ఔట్, మూడో ఔట్‌తో ఇన్నింగ్స్ అయిపోతుంది. కబ్స్ తమ పిచ్చర్ అరోల్డిస్ చాప్‌మన్‌ని దింపింది. మామూలుగా గంటకి 100 మైళ్లు దాటించి వేసే మనిషి. మావాడు బ్రాండన్ గయర్ డబుల్ (రెండో బేస్ దాకా వెళ్లే దెబ్బ) కొట్టాడు, ఒక పరుగు వచ్చింది, 6-4. తర్వాత డేవిస్ వచ్చాడు.

అతని చేతుల్ని టీవీలో దగ్గరగా చూపించారు. బ్యాట్ పిడి చివర పట్టుకోలేదు. అరచేతులు రెండు మూడు అంగుళాలు పైకి జరిపి, కింద పిడి కనబడేలా, బడిపిల్లలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. హోమ్ రన్ (మన సిక్సర్‌లాంటిది) కొట్టాలనుకునేవాడు అలా పట్టుకోడు. బంతికి బ్యాట్ తగిలితే చాలనుకునేవాడు పట్టుకునే పద్ధతి అది. రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే ఔట్. బంతిని గీత బయటికి కొట్టి ఫౌల్ చేస్తూ బతికాడు. ఒక బంతి కిందుగా, లోపలికి వచ్చింది. ఎడమవైపు గోడ అక్కడ 19 అడుగులు ఉంటుంది. బంతి పెద్దగా ఎత్తు లేకుండా గీత గీసినట్టు వెళ్లి ఆ గోడ మీదుగా దాటిపోయింది. 6-6.

నేను అరిచిన అరుపుకి పాప ఏడుపు అందుకుంది, మా ఆవిడ మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చింది. చుట్టుపక్కల ఇళ్ల నుంచి కూడా కేకలు వినిపించాయి. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మొహమాటంలేదు
ఆ హోమ్ రన్‌కి నేనూ లేచి నిలబడ్డాను కిరణ్ గారు, కాదనను. కానీ చాప్‌మన్ అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. అయిదో ఆటలో ఎనిమిది ఔట్లకి వాడారు. ఆరో ఆటలో కబ్స్ 9-3తో గెలిచింది, అయినా దించారు. ఆ రాత్రి అతని బంతిలో పస తగ్గింది.

క్లీవ్‌ల్యాండ్_కిరణ్
అలిసిన చాప్‌మన్ బంతి కూడా 97 దాకా వస్తుంది. ఇంకో సంగతి. 17 నిమిషాల వాన విరామం తర్వాత పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ రెండు పరుగులు చేసి 8-6కి వెళ్లింది. మా వైపు ఇద్దరు ఔటయ్యాక మళ్లీ డేవిసే వచ్చాడు. సింగిల్ కొట్టి గయర్‌ని రప్పించాడు, 8-7. మళ్లీ మొదటి బేస్ మీద నిలబడ్డాడు. తర్వాతి బ్యాటర్ గ్రౌండర్‌తో ఔట్, అంతా అయిపోయింది. ఓడిన జట్టు తరఫున చివరి పరుగు తెచ్చింది కూడా అతనే. ఈ సింగిల్ గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదే బాధ.

ఎడిసన్_లలిత
ఆడవాళ్లకి ఈ చర్చలో చోటుందా? మా అబ్బాయి హైస్కూల్ జట్టులో సెంటర్ ఫీల్డ్ ఆడతాడు. ఏడేళ్లుగా శనాదివారాలు మడతకుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను ఈ ఆటంతా.

క్లీవ్‌ల్యాండ్ 2016లో డేవిస్‌ని ఎందుకు తీసుకుందో ఎవరూ రాయలేదు. ఏడాది ఒప్పందం, 52.5 లక్షల డాలర్లు. వాళ్ల అసలు ఎడమ ఔట్‌ఫీల్డర్ మైఖేల్ బ్రాంట్లీకి భుజం ఆపరేషన్ అయింది, ఆ ఏడాది 11 ఆటలే ఆడగలిగాడు. ఆ ఖాళీ నింపడానికి తెచ్చుకున్నవాళ్లలో డేవిస్ ఒకడు. ఎడమ, మధ్య, అవసరమైతే కుడి, ఎక్కడ నిలబెట్టినా ఆడతాడు. జర్నీమ్యాన్, అంటే జట్లు మారుతూ తిరిగే ఆటగాడి పని అదే. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నప్పుడు పిలవకుండానే వచ్చి వంట దగ్గర నిలబడే పిన్నిలాంటివాళ్లు వీళ్లు. ఫొటోల్లో కనబడరు, వాళ్లు లేకపోతే పంక్తి లేవదు.

గోదారిగట్టు
లలితక్కా, మా రాజమండ్రి పిన్ని ఈ పోస్టు చదివితే ఫ్రేము కట్టిస్తుంది.

బెంచ్_మీద_భాస్కర్
ఈ చర్చ చదువుతుంటే గొంతు పట్టేసినట్టుంది. నేను కన్సల్టెంట్‌ని. పన్నెండేళ్లలో తొమ్మిది మంది క్లయింట్లు, అయిదు రాష్ట్రాలు. ప్రతిసారీ పెట్టే బేడా సర్దుకోవడం, పిల్లలకి కొత్త బడి, కొత్త అపార్ట్‌మెంట్‌లో మొదటి రాత్రి నేల మీద పడుకోవడం. ఒక క్లయింట్ దగ్గర శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, "సోమవారం రానక్కర్లేదు" అన్నారు. కారణం చెప్పలేదు. రెండేళ్ల తర్వాత అదే క్లయింట్ నన్నే పేరు పెట్టి అడిగి పిలిపించాడు.

ఊళ్లో చుట్టాలు మాత్రం "వీడికి ఎక్కడా కుదురు లేదు" అంటారు. శర్మగారు చెప్పిన "మళ్లీ" అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.

వరంగల్_వేణు
భాస్కరన్నా, ఆ చుట్టాలకి ఒక ఊబర్ కథ చెప్పు. ఎవరైనా మెట్స్ అభిమాని ఉంటే రాయండి, నాకు సగమే తెలుసు.

క్వీన్స్_రమ
నేను రాస్తాను, మాది మెట్స్ మైదానం సిటీ ఫీల్డ్ ఉన్న ఫ్లషింగే.

2019లో డేవిస్‌కి 38 ఏళ్లు. మెట్స్‌తో మైనర్ లీగ్ ఒప్పందం, వాళ్ల కింది జట్టు సిరక్యూస్‌లో వేశారు. మే 22న సిరక్యూస్ వాళ్లు పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో ఉన్నారు. మెట్స్ ఔట్‌ఫీల్డర్లు వరసగా గాయపడటంతో ఈయనకి పిలుపు వచ్చింది. ఊబర్ ఎక్కాడు. 243 డాలర్లు. సిటీ ఫీల్డ్ చేరేసరికి ఆట మొదలైపోయింది. బట్టలు మార్చుకుని డగౌట్‌లో కూర్చున్నాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పించ్ హిట్టర్‌గా, అంటే ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి పంపారు. వాషింగ్టన్ పిచ్చర్ షాన్ డూలిటిల్. మూడు పరుగుల హోమ్ రన్! మెట్స్ 6-1తో గెలిచింది. పొద్దున వేరే రాష్ట్రంలో మైనర్ లీగ్ జట్టుతో ఉన్న మనిషి, రాత్రికి మా స్టేడియంలో బేసులు చుట్టి వస్తుంటే జనం అరుపులు ఆగలేదు.

స్టాట్స్_శర్మ
డూలిటిల్ పేరు చూడగానే నవ్వొచ్చింది. 2014 జూన్ 30న డెట్రాయిట్ తరఫున డేవిస్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ (బేసులన్నీ నిండి ఉండగా హోమ్ రన్) కొట్టి ఆట ముగించాడు. ఆ రోజు ఓక్లాండ్ పిచ్చర్ కూడా ఈ డూలిటిలే. అయిదేళ్ల తర్వాత ఇద్దరూ వేరే జట్లలో ఉన్నారు, ఫలితం మాత్రం అదే.

ఎడిసన్_లలిత
ఆ 243 డాలర్ల మీద చిన్న లెక్క. 2019లో మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 5,55,000 డాలర్లు, సీజన్ రోజుల లెక్కన రోజుకి దాదాపు 3,000. అదే మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏలో కొత్త కుర్రాళ్లకి అప్పట్లో నెలకి అంతకంటే తక్కువ వచ్చేది. ఒక్క కారు ప్రయాణంతో జీవితం ఎంత మారుతుందో చూడండి. అందుకే ఈ ఆటగాళ్లు ఫోన్ ఎప్పుడూ తలగడ కిందే పెట్టుకుంటారు.

ఇంకా ఉంది. మేజర్ లీగ్‌లో 43 రోజులు ఉంటే పెన్షన్‌కి అర్హత వస్తుంది. పూర్తి పెన్షన్‌కి పదేళ్లు కావాలి. చాలామంది ఆ 43 రోజులు కూడా చేరరు. డేవిస్ పదేళ్లు దాటాడు.

నల్లకుంట_నాని
మరి మన అంబటి రాయుడు? హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ, అన్నింటికీ ఆడాడు. మధ్యలో బీసీసీఐ ఒప్పుకోని ఐసీఎల్ లీగ్‌కి వెళ్లి నిషేధం కూడా చూశాడు. చివరికి ముంబయితో మూడు, చెన్నైతో మూడు, ఆరు ఐపీఎల్ టైటిళ్లు. మన దగ్గర కూడా ఇలాంటి మనిషి ఉన్నాడు కిషోరన్నా, బావగారికి ఈ పేరు చెబితే వెంటనే ఎక్కుతుంది.

మొహమాటంలేదు
నానీ, రాయుడు దేశానికి ఆడాడు, టాప్ బ్యాటర్. డేవిస్ ఎప్పుడూ ఆల్‌స్టార్ కాలేదు. పోలిక కుదరదు. అలా చూస్తే ఆరన్ ఫించ్ ఐపీఎల్‌లో తొమ్మిది జట్లకి ఆడాడు, అతన్ని జర్నీమ్యాన్ అంటామా? ఆస్ట్రేలియాకి కెప్టెన్‌గా చేసినవాడు అతను. వేలం వేరు, వేవర్స్ వేరు.

వరంగల్_వేణు
అసలు జర్నీమ్యాన్ అంటే నాకు మాట్ స్టెయిర్సే. కెనడా మనిషి, పన్నెండు జట్లకి పైనే. చూస్తే మన ఊరి కిరాణా కొట్టు సేటులా ఉంటాడు, కొడితే బంతి కనబడదు. పించ్ హిట్టర్‌గా 23 హోమ్ రన్లు, అది రికార్డు. 2008లో ఫిలడెల్ఫియా తరఫున డాడ్జర్స్ మీద లాస్ ఏంజిలిస్‌లో కొట్టినది చూడండి, ఆ ఏడాది టైటిల్ వాళ్లకే వచ్చింది. డేవిస్‌కి కాళ్లు, స్టెయిర్స్‌కి భుజాలు. ఒక్క పని బాగా వస్తే చాలు, ఎవరో ఒకరు పిలుస్తారు.

రెండో_బేస్
వేణూ, స్టెయిర్స్‌కి చాలాకాలం బ్యాట్ పట్టుకుని నిలబడితే సరిపోయింది. డేవిస్ 38 ఏళ్లకి కూడా ఔట్‌ఫీల్డ్‌లో పరుగెత్తాలి. నా ఓటు డేవిస్‌కే.

క్వీన్స్_రమ
అదే ఏడాది సెప్టెంబర్ 14 కూడా రాసెయ్యనివ్వండి. మెట్స్, డాడ్జర్స్. పిచ్చర్లు మెట్స్ వైపు డిగ్రామ్, డాడ్జర్స్ వైపు ర్యూ, ఏడేసి ఇన్నింగ్సులు ఒక్క పరుగూ లేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేసులు నిండాయి, డేవిస్‌ని పించ్ హిట్టర్‌గా పంపారు. డబుల్, మూడు పరుగులు, ఆట 3-0. అతని కెరీర్‌లో చివరి నెల అది. ఆ తర్వాత మేజర్ లీగ్ ఆఫీసులోనే ఆన్-ఫీల్డ్ ఆపరేషన్స్ విభాగంలో ఉద్యోగం చేశాడు.

మొహమాటంలేదు
రమ గారు, ఈ సెప్టెంబర్ ఆట నాకు గుర్తులేదు, ఇప్పుడే వీడియో చూశాను. అప్పుడు కూడా చేతులు పైకి జరిపే బ్యాట్ పట్టుకున్నాడు.

సరే, ఒక మెట్టు దిగుతున్నాను. అతను స్టార్ కాదన్న మాట వెనక్కి తీసుకోను. సరుకు లేదన్నది మాత్రం తప్పు. కానీ ఒక ప్రశ్న: డేవిస్ దొరికింది 38వ రౌండ్ ఉండేది కాబట్టి. ఇప్పుడు డ్రాఫ్ట్ 20 రౌండ్లే. 2021లో మైనర్ లీగ్ జట్లని కూడా 160 నుంచి 120కి తగ్గించారు. ఇప్పటి పిల్లల్లో ఉన్న డేవిస్‌లు ఎక్కడికి పోవాలి?

స్టాట్స్_శర్మ
మంచి ప్రశ్న. డ్రాఫ్ట్ కాని కుర్రాళ్లని ఫ్రీ ఏజెంట్లుగా తీసుకుంటారు, ఇండిపెండెంట్ లీగులున్నాయి. దారి ఉంది, ఇరుకైంది. నాకూ ఆ తగ్గింపు నచ్చలేదు. నలభై దాకా ఊళ్లకి మేజర్ లీగ్ జట్లతో ఉన్న బంధం తెంచేశారు.

ఎడిసన్_లలిత
@కిషోర్, మీవాడు ఏ పొజిషన్? ఎందుకు తీసుకోలేదో కోచ్‌ని అడిగారా? కోపంగా కాదు, నేర్చుకోవడానికి. మావాణ్ణి పదకొండో ఏట తీసేస్తే నేను అడిగాను. బంతి పైకి లేచినప్పుడు మొదటి అడుగు వెనక్కి కాకుండా ముందుకి వేస్తున్నాడని చెప్పారు. వేసవంతా మా వీధి చివర పార్కులో అదే ఒక్క అడుగు నేర్పాను, నేనే బంతులు విసిరాను. మరుసటి ఏడాది తీసుకున్నారు.

కొలంబస్_కిషోర్
అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. నిన్న రాత్రి ఈ చర్చంతా ఫోన్‌లో బావగారికి చదివి వినిపించాను. ఊబర్ కథ దగ్గర "ఆగు, మళ్లీ చదువు" అన్నారు. ఆయన ఆర్టీసీలో పాతికేళ్లు పనిచేసి ఏడు డిపోలు మారిన మనిషి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లాడికి ఫోన్ ఇమ్మన్నారు.

లలితక్కా, లెఫ్ట్ ఫీల్డ్. అడిగాను. పరుగు బాగుంది, బ్యాట్ ఆలస్యంగా వస్తోందన్నారు. వేగమైన బంతికి అందుకోలేకపోతున్నాడట.

క్లీవ్‌ల్యాండ్_కిరణ్
బ్యాట్ ఆలస్యమైతే చేతులు రెండంగుళాలు పైకి జరపమను. బ్యాట్ తేలికవుతుంది, తొందరగా తిరుగుతుంది. ఎవరి దగ్గర నేర్చుకోవాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండో_బేస్
నేను ఒహాయోలోని డబ్లిన్‌లోనే ఉంటాను, మీకు పావుగంట దూరం. కాలేజీలో క్లబ్ జట్టుకి ఆడాను, భుజం ఇంకా పనిచేస్తోంది. తర్వాతి ట్రయౌట్స్ (జట్టు ఎంపిక ఆటలు) ఎప్పుడు?

కొలంబస్_కిషోర్
మూడు వారాల్లో, శనివారం. వేరే టీమ్.

రెండో_బేస్
అయితే ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి రండి, బకెట్ నిండా బంతులు తెస్తాను. బావగారిని కూడా తీసుకురండి, బంతులు ఏరడానికి మనిషి కావాలి.